టాంటా క్యాసెట్ కవర్లు అచ్చేసిన మనిషి

మా మేడ కింద ఉన్న అచ్చు వర్క్‌షాపుకి బోర్డు లేదు. ఎప్పుడూ లేదట. ఎవరైనా అడిగితే బయూమీ మేస్త్రి, "బోర్డెందుకయ్యా? నాతో పనున్నవాడికి నేనెక్కడుంటానో తెలుసు. పనిలేనివాడికి తెలియాల్సిన అవసరం లేదు" అనేవాడు. వీధిలో అందరూ దాన్ని వినయం అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అది వినయం కాదనీ, ముప్పై తొమ్మిదేళ్ళుగా దాచిపెట్టుకున్న భయమనీ నిరుడు ఉరుసుకి మూడు వారాల ముందు తెలిసింది.

మేస్త్రికి డెబ్బై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. యంత్రం చప్పుడుకి ఒక చెవి పోయింది. ఏ చెవి పోయిందన్నది ఎదుటివాడు అడిగే ప్రశ్నను బట్టి మారుతుంది. గోళ్ళ అంచుల్లో ఒక చేతికి గులాబీ రంగు, ఇంకో చేతికి ఆకుపచ్చ. సబ్బుకి పోవు, కిరసనాయిలుకి పోవు. ఎందుకంటే ఆయన జీవితమంతా ఆ రెండు రంగులే. మా ఊరు టాంటాలో దర్గాకి వచ్చిన ప్రతి యాత్రికుడూ తిరుగు రైలెక్కేటప్పుడు వేయించిన శనగలో, నువ్వుల మిఠాయో కొనుక్కుంటాడు కదా, ఆ పెట్టెలు ఆయనవే. వర్క్‌షాపులో ఉన్నది ఒకసారికి ఒక్క రంగే వేయగల పాత జర్మన్ యంత్రం. ముందు ఆకుపచ్చ వేస్తాడు, ఆరాక గులాబీ వేస్తాడు. మూడో రంగు కావాలని ఎవరైనా నోరు జారితే, "కైరో వెళ్ళు నాయనా. అక్కడ ఆకాశం కూడా బూడిద రంగులో దొరుకుతుంది" అని సాగనంపేవాడు.

ఇలాంటి మనిషికీ కళకీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

నిరుడు మా ఊళ్ళో 'డెల్టా శ్రవణ వారసత్వ పరిరక్షణ సంఘం' అని ఒకటి వెలిసింది. దాని అధ్యక్షుడు డాక్టర్ షాహిర్. మందులిచ్చే డాక్టరు కాదు, పుస్తకం రాసిన డాక్టరు. ఆయన రెండేళ్ళు తిరిగి ఎనభైల్లో, తొంభైల్లో మా ఊళ్ళో తయారైన మూడు వందల పద్దెనిమిది పాత క్యాసెట్లు పోగుచేశాడు. పెళ్ళిళ్ళలో పాడేవాళ్ళవి, దర్గా దగ్గర కీర్తించే షేకులవి. జనం ఎప్పుడో వాటిని పారేశారు. పిల్లలు టేపు లాగి ఆడుకున్నారు, రైతులు ఆ టేపునే పొలాల్లో కట్టి పిట్టల్ని తోలారు. సంఘం మాత్రం వాటిని సాంస్కృతిక భవనంలో అద్దాల కింద పెట్టింది. పాటలు ఎవరూ వినలేదు. వినడానికి సంఘం దగ్గర టేప్‌రికార్డరు లేదు. ప్రదర్శనంతా కవర్లదే.

ఆ కవర్లన్నీ ఒకేలా ఉంటాయి. గాయకుడి మొహం ఆకుపచ్చ, బుగ్గలూ పెదాలూ గులాబీ. షేకు గడ్డం ఆకుపచ్చ, తలపాగా చుట్టూ గులాబీ కాంతి. కింద సన్నని అక్షరాల్లో 'అనుమతి నంబరు 40718'. మూడు వందల పద్దెనిమిదింటి మీదా అదే నంబరు. అచ్చేసినవాడి పేరు ఒక్కదాని మీదా లేదు.

డాక్టర్ షాహిర్ దీని మీద రెండు వందల అరవై పేజీల పుస్తకం రాశాడు. గులాబీ దేహమట, ఆకుపచ్చ ఆత్మట, డెల్టా మనిషి ఆ రెంటి మధ్యా నలుగుతున్నాడట. ఇక 40718 అన్నది, ఆనాటి పాలకులు జానపద కళని చాటుగా ఆదుకోవడానికి పెట్టిన రహస్య ప్రత్యేక శ్రేణి. లేకపోతే వేర్వేరు గాయకులకి, వేర్వేరు సంవత్సరాల్లో, ఒకే అనుమతి నంబరు ఎలా వస్తుంది? దీని మీదే పద్నాలుగు అధ్యాయాలు.

ప్రదర్శనలో ప్రతి కవరు కిందా 'ముద్రించినవారు: తెలియదు' అని చీటీ అంటించారు. ఎవరైనా తామేనని రుజువు చేస్తే ఆ పేరు రాస్తామనీ, ఆ అచ్చుశాలని రక్షిత స్థలంగా నమోదు చేయిస్తామనీ, తర్వాత అక్కడ మేకు పీకడానికి కూడా ఎవరికీ హక్కుండదనీ సంఘం ప్రకటించింది. వారం తిరక్కుండా పదకొండు మంది "మేమే" అన్నారు. వాళ్ళలో ఇద్దరు ఆ క్యాసెట్లు వచ్చేనాటికి పుట్టలేదు. ఇంకొకాయనది అసలు ప్రెస్సే కాదు, లాండ్రీ. "అచ్చు సంగతి నాకు తెలీదు గాని, ఫొటోల్లో షేకుల చొక్కాల ఇస్త్రీ నాదే. కావాలంటే మడత చూడండి" అన్నాడు. సంఘం ఆయన అర్జీ కూడా తీసుకుంది.

బయూమీ మేస్త్రి మాత్రం నోరెత్తలేదు. నిజానికి ఊళ్ళో ఆ నమోదు అందరికంటే ఎక్కువ కావాల్సింది ఆయనకే. రెండేళ్ళ క్రితం మా భవనాన్ని మిఠాయిల హాజీ మెత్వల్లీ కొన్నాడు. కింది భాగం గోడౌనుకి కావాలి, ఉరుసు అయిన మర్నాడు ఖాళీ చెయ్యమని మేస్త్రికి నోటీసిచ్చాడు. మేస్త్రి తాత్సారం చేస్తుంటే ఓ రోజు స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేస్త్రీ, యంత్రాన్ని తూకానికి అమ్మెయ్యి. ఇప్పుడు పెట్టెలు ప్లాస్టిక్‌లో వస్తున్నాయి, ఏడు రంగులు. ఇంకా ఆకుపచ్చ మొహాలూ గులాబీ మూతులూ ఎవరిక్కావాలి?"

"హాజీ, ఈ యంత్రాన్ని నేలలోకి దింపి సిమెంటు పోశారు. కదిపితే విరుగుతుంది."

"విరిగితే ఏం, తూకం తగ్గదుగా!"

మేస్త్రి ఆ మాట వినిపించని చెవి అటు తిప్పాడు. కానీ ఆ రోజు ఆయన తెచ్చుకున్న, ఉడికిన చిక్కుడుగింజల ఫూల్ పెట్టిన రొట్టె మధ్యాహ్నం దాకా పొట్లం విప్పకుండా యంత్రం మీదే ఉంది.

మెట్ల కింద వర్క్‌షాపు కరెంటు మీటరు ఉంది. వానపడిన రోజున దాంట్లోంచి చిటపటమని మెరుపులొస్తాయి. మా పాప మలక్‌కి అప్పుడే రెండేళ్ళు నిండాయి, మెట్లు దిగడం నేర్చుకుంది, మెరిసేది ఏది కనిపించినా వేలు పెడుతుంది. కరెంటాఫీసుకి మూడుసార్లు అర్జీ రాశాను. మూడోసారి, నంబరు స్పష్టంగా కనపడేలా ఫొటో జతచేయమన్నారు. మీటరు మీది మసి తుడిచి ఫొటో తీశాను. 40718.

అదే వారం మా స్కూలు ఆడపిల్లల్ని ప్రదర్శనకి తీసుకెళ్ళాను. అక్కడ కవర్ల మీదా అదే నంబరు. నేను భౌతికశాస్త్రం చెప్పే మనిషిని. ఐదంకెల నంబర్లు రెండు చోట్ల ఊరికే కలవడానికి అవకాశం లక్షకి ఒకటి. ఆ రెండు చోట్లలో ఒకటి అచ్చు యంత్రానికి కరెంటిచ్చే మీటరైతే, ఇక లెక్క వేయనక్కర్లేదు. సాయంత్రం మలక్‌ని చంకనేసుకుని కిందికి దిగాను.

"బాబాయ్, మెట్ల కింద మీ మీటరు నంబరెంత?"

ఆయన రెండు చెవులూ ఒకేసారి పోయాయి. యంత్రం ఆపాడు. వెళ్ళి షట్టరు సగం దించాడు.

"నిన్నెవరు పంపారు టీచరమ్మా?"

"ఎవరూ పంపలేదు. దీనికి షాక్ కొడుతుందేమోనని ఫొటో తీశాను."

"ఆ ఫొటో ఎవరికి చూపించావు?"

"కరెంటాఫీసుకి."

మేస్త్రి కాగితాల కట్ట మీద కూలబడ్డాడు. "అయితే ఇంకెంత, రేపో ఎల్లుండో వచ్చేస్తారు" అన్నాడు. ఎవరొస్తారో నాకర్థం కాలేదు. మా మాటలు విని వెనక గదిలోంచి ఆయన భార్య అతియాత్ పిన్ని పుదీనా టీ గ్లాసులతో వచ్చింది.

"చెప్పేసెయ్యి. ముప్పై తొమ్మిదేళ్ళు నాకొక్కదానికే చెప్పి చంపావు. ఈ పిల్లా కాస్త పంచుకుంటుంది" అంది.

అప్పుడు చెప్పాడు. 1980, ఉరుసుకి రెండు రోజుల ముందు. పెళ్ళిళ్ళలో పాడే ఫత్‌హియ్యా క్యాసెట్టుకి కవర్లు కావాలని ఒక క్యాసెట్ల వ్యాపారి పరుగెత్తుకొచ్చాడు. సర్కారు అనుమతి నంబరు లేనిదే దుకాణాలవాళ్ళు సరుకు తీసుకోరు. కాగితం ఇంకా కైరో నుంచి రాలేదు. "ఏదో ఒక నంబరు కొట్టెయ్యి మేస్త్రీ" అన్నాడట.

"ఏదో ఒకటి ఎలా కొడతాను తల్లీ? నేను కొట్టింది ఎవడిదో అయితే? పరాయివాడి సొత్తు కదా! రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే మీటరు కనిపించింది. ఇది నాది. నెలనెలా బిల్లు కట్టేది నేనే. ఈ నంబరు మీద నాకు తప్ప ఇంకెవరికీ హక్కు లేదు."

"చూశావా ఈయన ధర్మం? దొంగ నంబరు వేశాడు గాని, ఇంకొకరిది దొంగిలించలేదు!" అంది పిన్ని.

ఆ క్యాసెట్టు బాగా అమ్ముడైంది. ఎవరూ పట్టుకోలేదు. దాంతో ఆ నంబరుకి మంచి హస్తవాసి ఉందని పేరొచ్చింది. తర్వాత వచ్చిన వ్యాపారులు కైరో కాగితం కోసం ఎదురుచూడటమే మానేశారు. "ఆ ఫత్‌హియ్యా నంబరే వెయ్యి మేస్త్రీ, కలిసొస్తుంది" అనేవారు. అసలు అనుమతి వచ్చినవాళ్ళు కూడా తమ నంబరు తీయించి ఇది వేయించుకున్నారట. ఈలోగా వేరే ఊళ్ళో ఒక అచ్చువాణ్ణి దొంగ కవర్లకి పట్టుకెళ్ళారని పేపర్లో వచ్చింది. ఆ రోజు నుంచి మేస్త్రి బోర్డు అన్న మాటే తలవలేదు. టై కట్టుకున్నవాడు వీధిలోకి వస్తే యంత్రం ఆపేసేవాడు. ఎవరి పెళ్ళి ఫొటోలోనూ నిలబడలేదు.

"సొంత కూతురి పెళ్ళి కార్డులో తండ్రి పేరు వేయడానికి మూడు రోజులు ఆలోచించాడు. నాల్గో రోజు నేను కర్ర తీస్తే వేశాడు" అంది పిన్ని.

"మరి ఆ గులాబీ, ఆకుపచ్చ?" అనడిగాను.

ఆ ప్రశ్నకి మేస్త్రి ఇంకా ముడుచుకుపోయాడు. మా ఊళ్ళో ఆచారం ఒకటుంది. కోసిన గుడ్డలో పీలిక దర్జీది, కోసిన అట్టలో అంచుముక్క అచ్చువాడిది. మిఠాయి పెట్టెలు కోశాక మిగిలే అంచుమీదే కవర్లు అచ్చయ్యేవి. పెట్టెకి వేసే రంగులే వాటికీ పడేవి. అంతకు మించి దేహమూ లేదు, ఆత్మా లేదు. అయితే ఆ అట్ట అప్పట్లో మెత్వల్లీ తండ్రిది. అంచు మరీ సన్నగా ఉండేదట, కవరు పట్టేది కాదు.

"అందుకని పెట్టెల్ని కాస్త ఇరుకు చేశాను. రెండు వేళ్ళంత. అంచు మిగల్లేదు తల్లీ, మిగిల్చాను."

"ఆయన కనిపెట్టలేదా?"

"కనిపెట్టాడు. పెట్టెలో మిఠాయి తక్కువ పడుతోందని సంతోషించాడు."

మలక్ కింద పడున్న అట్టముక్కని నోట్లో పెట్టుకోబోతే లాక్కున్నాను. ఆ సిరాల్లో ఏం కలుస్తుందో నాకు తెలుసు. "బాబాయ్, ఇదంతా సంఘానికి చెప్పండి. వర్క్‌షాపు నిలబడుతుంది" అన్నాను.

"చెబితే జైలు. చెప్పకపోతే వీధి. వీధిలో కనీసం అతియాత్ వండిపెడుతుంది."

"ఏ పొయ్యి మీద? నీ నెత్తిమీదా?" అంది పిన్ని.

సంఘం తీర్పు చెప్పే రోజు సాంస్కృతిక భవనం కిక్కిరిసింది. ముందు వరుసలో హాజీ మెత్వల్లీ, ఒడిలో శనగల పెట్టె. సభకి మిఠాయి దాత ఆయనే. గవర్నరు కార్యాలయం నుంచి నమోదు కాగితాలతో ఈనాస్ మేడమ్ వచ్చింది. న్యాయశాస్త్రం చదివిన మనిషి. గంటన్నర నుంచి డాక్టర్ షాహిర్ ఉపన్యాసం వింటూ, గంటన్నర నుంచి వాచీ చూసుకుంటోంది. మేస్త్రిని పిన్ని చేయి పట్టి లాక్కొచ్చింది. చివరి వరుసలో తలుపు పక్కన కూర్చోబెట్టి, పారిపోకుండా తను తలుపువైపు కూర్చుంది. పక్కన నేను.

పదకొండు అర్జీలూ తేలిపోయాయి. లాండ్రీ ఆయన మాత్రం చివరిదాకా ఇస్త్రీ మడత గురించి వాదించాడు.

"మిత్రులారా, ముద్రాపకుడు దొరకలేదు. నిజానికి దొరకకపోవడమే మంచిది. ఈ కళకి కర్త ఒక వ్యక్తి కాడు, సమస్త డెల్టా ప్రజ! నా పుస్తకంలో ఆరో అధ్యాయం దీని గురించే. కాబట్టి 'తెలియదు' అన్నదాన్నే శాశ్వతంగా ఖాయం చేసి, అచ్చుశాల నమోదు దస్త్రం మూసేస్తున్నాం" అన్నాడు డాక్టరు.

ఈనాస్ మేడమ్ పెన్ను మూత తీసింది. పిన్ని మేస్త్రి తొడ మీద ఎంత గట్టిగా గిల్లిందో తెలియదు గాని, ఆయన లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక, తను నిలబడ్డట్టు తెలుసుకుని ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఆ నంబరు నాది" అన్నాడు.

"ఏ నంబరు?"

"నలభైవేల ఏడొందల పద్దెనిమిది."

డాక్టరు దయగా నవ్వాడు. "పెద్దాయనా, అది ప్రభుత్వ నంబరు."

"కాదయ్యా, కరెంటాఫీసు నంబరు. బిల్లు నాది."

హాలంతా ఘొల్లుమంది. నవ్వనిది ఈనాస్ మేడమ్ ఒక్కతే. "ఎక్కడుంది?" అనడిగింది.

పావుగంటలో సంఘమంతా మా మెట్ల కింద ఉంది. ఏడుగురు పెద్దమనుషులు నడుములు వంచి, ఒకరి భుజం మీదుగా ఒకరు చూస్తున్నారు. మీటరు ముట్టుకోవద్దని నేను అరుస్తూనే ఉన్నాను. ఈనాస్ మేడమ్ ఫోను వెలుగు వేసి నంబరు పైకి చదివింది. మళ్ళీ చదివింది.

డాక్టర్ షాహిర్ తనూ వంగి ఒక్కో అంకే చదువుకున్నాడు. "ఇది కాకతాళీయం" అన్నాడు చివరికి.

"లక్షకి ఒకటి" అన్నాను నేను.

"అసాధ్యమైతే కాదుగా! లేదా... లేదా ఈ కళకి గౌరవసూచకంగా ప్రభుత్వమే ఆ నంబరుని ఈ మీటరుకి కేటాయించి ఉండొచ్చు. అవును! ఇది నా వాదాన్ని బలపరుస్తోంది!"

"మీటరు మీద తయారైన సంవత్సరం 1962 అని ఉంది డాక్టర్‌గారూ. మొదటి క్యాసెట్టు 1980. ప్రభుత్వం పద్దెనిమిదేళ్ళు ముందే గౌరవించిందా? మన ప్రభుత్వం ఏ పనీ ముందే చెయ్యడం నేనైతే చూడలేదు" అంది ఈనాస్ మేడమ్. మేస్త్రి వైపు తిరిగి, "నంబరు మీదని తేలింది. కానీ దాన్ని ఎవరైనా చూసి వేసుకోవచ్చు. ఇక్కడే అచ్చయ్యాయనడానికి రుజువేది?"

 రుజువు మిగలకూడదని మేస్త్రి ప్లేట్లు అరగదీశాడు, చిత్తు కాగితాలు కాల్చాడు, ఏళ్ళ తరబడి.

"నా వంటింట్లో ఉంది" అంది అతియాత్ పిన్ని.

మేస్త్రి అదిరిపడ్డాడు. "అన్నీ కాల్చమన్నాను కదే!"

"కాల్చమన్నావు. మంచి మందపాటి అట్ట. అలమార్లో పరుచుకున్నాను."

వెళ్ళి టీ గ్లాసులు దించి, వాటి కిందున్న షీటు ఊడదీసుకొచ్చింది. గ్లాసుల అడుగుల గుండ్రటి మరకలు పడ్డాయి గాని, కత్తెర పడని పూర్తి షీటు. నాలుగు మిఠాయి పెట్టెలు, వాటి పక్కన అంచు పొడవునా వరసగా ఆరుగురు ఫత్‌హియ్యాలు, ఆకుపచ్చ మొహాలతో, గులాబీ నవ్వులతో.

అందరికంటే ముందు హాజీ మెత్వల్లీ ఆ షీటు మీదికి వంగాడు.

"ఇది మా నాన్న పెట్టె! ఈ అట్ట మాది! చూడండి, మా నాన్న సంతకం గుర్తు. అమ్మ బయూమీ! మా అట్ట మీద ఆడవాళ్ళని అచ్చేశావా?"

"హాజీ, ఆచారం ప్రకారం అంచు..."

"అంచు నీది, అట్ట నాది! అంటే ఈ కళలో సగం మాది! డాక్టర్‌గారూ, రాసుకోండి. మా నాన్న లేకపోతే ఈ కవర్లే లేవు."

"ఒక్క నిమిషం హాజీ. మీ నాన్నగారు పెట్టెలు ఇంకెక్కడైనా అచ్చేయించేవారేమో?" అంది ఈనాస్ మేడమ్ చాలా మర్యాదగా.

"ఇంకెక్కడా లేదు! బతికున్నంతకాలం ఈ షాపులోనే, ఈ యంత్రం మీదే. ఊరంతా ఎరుగుదురు. ప్రమాణం చేస్తాను!"

"ప్రమాణం అక్కర్లేదు, సంతకం చాలు" అని ఆమె కాగితం చాచింది. హాజీ తన కళాహృదయాన్ని నమోదు చేస్తున్నారనుకుని ఒత్తి ఒత్తి సంతకం చేశాడు. చేశాక పైకి చదువుకున్నాడు. 'కవర్లు ఈ స్థలంలోనే ముద్రితమైనట్టు సాక్షి: భవన యజమాని హాజీ మెత్వల్లీ.' ఆయన మొహం నెమ్మదిగా ఫత్‌హియ్యా మొహం రంగులోకి తిరిగింది.

ఆ సందడిలో మేస్త్రిని ఎవరూ చూడలేదు. ఆయన తలపాగా సర్దుకుని, రెండు చేతులూ కలిపి ఈనాస్ మేడమ్ ముందు చాచాడు.

"పదండమ్మా."

"ఎక్కడికి బాబాయ్?"

"స్టేషనుకి. అబద్ధపు నంబరు వేసింది నేనే. మూడు వందల పద్దెనిమిది సార్లు. ఇంకా ఎక్కువే. వీళ్ళకి దొరికినవి అన్నే."

ఆమె ఫైలు మూసింది. "చివరి కవరు ఎప్పుడు వేశారు?"

"తొంభై ఎనిమిది. తర్వాత ఎవరూ రాలేదు, సీడీలొచ్చేశాయి."

"ఇలాంటి వాటి మీద కేసు పెట్టడానికి మూడేళ్ళే గడువు. మీ నేరం రెండువేల ఒకటిలోనే చచ్చిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా మీరు నిర్దోషి."

మేస్త్రికి ఈసారి రెండు చెవులూ బాగానే పనిచేశాయి. అయినా, "ఏమన్నావు తల్లీ?" అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"మీరెవరినీ అడగలేదు కదా!"

ఎవరికీ నవ్వు రాలేదు. పిన్ని మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంది. "రైల్లో పోలీసులు కాగితాలు అడుగుతారని నాకు అలెగ్జాండ్రియా సముద్రం చూపించలేదు. ప్రతి ఎండాకాలం అడిగాను. పద్దెనిమిది ఎండాకాలాలు ఉత్తినే పోయాయి" అంది. మేస్త్రి ఆమె వైపు చూడలేకపోయాడు.

ఉరుసు అయిన మర్నాడు ఖాళీ చేయించడానికి ఎవరూ రాలేదు. బదులుగా రక్షిత స్థలమన్న ఇత్తడి ఫలకం వచ్చింది. యంత్రాన్ని కదపకూడదు. మేస్త్రి చేతనైనన్నాళ్ళు దాని మీద పనిచేసుకోవచ్చు. కరెంటాఫీసు నుంచి నాకూ జవాబొచ్చింది. సదరు మీటరు ఇప్పుడు వారసత్వ సంపద గనుక మార్చడం కుదరదట. దాని ముందు చెక్కపెట్టె అడ్డంగా బిగించి, ఆ పెట్టెని మలక్ లాగలేదని రోజుకి రెండుసార్లు చూసుకుంటున్నాను.

పది రోజుల తర్వాత డాక్టర్ షాహిర్ వర్క్‌షాపుకి వచ్చాడు. చేతిలో ఒక చీటీ. తన పుస్తకంలో పెట్టడానికి సవరణ పత్రం అచ్చు కావాలట. నేను అప్పుడు పొరపాటున మాకొచ్చిన మేస్త్రి కరెంటు బిల్లు ఇవ్వడానికి కిందే ఉన్నాను. మేస్త్రి చీటీ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు.

"'14వ పేజీ నుంచి 231వ పేజీ వరకు, ప్రత్యేక శ్రేణి అని ఉన్నచోటల్లా విద్యుత్ మీటరు అని చదువుకోవలెను. పుస్తకపు నిర్ధారణలలో మార్పు లేదు.'"

ఆగాడు. "డాక్టర్‌గారూ, నంబరు మీటరుదైతే మీ నిర్ధారణ ఎలా నిలుస్తుంది?"

"నిర్ధారణ నేను ముందే రాశాను మేస్త్రీ. ఈ మీటరు తర్వాత వచ్చింది. వెనకొచ్చినది ముందున్నదాన్ని ఎలా కదుపుతుంది?"

మేస్త్రి తల ఊపాడు. అచ్చుపనిలో యాభై ఏళ్ళున్న మనిషి, చేతికొచ్చిన ప్రతి రాతతోనూ వాదించడు. "నలుపు లేదు, ఆకుపచ్చలో వేస్తాను" అన్నాడు. "పర్వాలేదు. కింద అచ్చేసినవారి పేరు వెయ్యండి, చట్టం ప్రకారం ఉండాలి" అని డాక్టరు వెళ్ళిపోయాడు.

పేరు అనగానే మేస్త్రి చేయి ఆగింది. కాసేపు కాగితాలు సర్దాడు. యంత్రానికి నూనె వేశాడు. వేసినచోటే మళ్ళీ వేశాడు. ఎవరి పేర్లయినా ఏ సైజులో ఉండాలో ఆయనకి కంటి కొలత. ఇది మాత్రం తేలలేదు. "చిన్నగా వెయ్యనా?" అన్నాడు వెనక గది వైపు తిరిగి.

"చిన్నగా వేస్తే అన్నం కూడా చిన్నగానే పెడతాను" అంది పిన్ని గొంతు.

మర్నాడు డాక్టర్ షాహిర్ చీటీల కట్ట విప్పి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. పైన సవరణ, సన్నగా, నాలుగు పంక్తులు. కింద మిఠాయి పెట్టె మూత మీద వేసేంత అక్షరాలతో 'బయూమీ అచ్చుశాల, టాంటా'. దాని చుట్టూ గులాబీ గీత కూడా ఉంది.

"ఏంటి మేస్త్రీ ఇది? సవరణ కంటే మీ పేరే పెద్దదిగా ఉంది!"

"నేనేం చెయ్యను డాక్టర్‌గారూ, మీరు చేసిన సవరణ చిన్నది" అన్నాడు బయూమీ మేస్త్రి.